రెండిళ్ల పదును

ఆ పొద్దు గొడవంతా ఒక లోటా దగ్గర మొదలైంది.

జానకియమ్మాళ్‌కి సొంతంగా ఒక స్టీలు లోటా ఉంది. అడుగున ఆమె పేరు చుక్కలు చుక్కలుగా కొట్టించి ఉంటుంది. అందులో ఆమె తప్ప ఇంకొకరు తాగకూడదు. ఆమె కూడా పెదవి తగలనివ్వదు, ఎత్తి నోట్లో పోసుకుంటుంది. ఆ లోటాలో ఆమె చిన్నకొడుకు ముత్తురామన్ కాఫీ తాగాడు. తాగినవాడు ఊరుకోక, పెదవి ఆనించి జుర్రుకుంటూ తాగాడు.

"ఎంగిలి చేసినావు గదరా నా లోటాని!"

"కడిగితే పోతాది లేమ్మా."

"కడిగితే పోయేదానికి అదేమన్నా నీ మొగమా?" అని కొడుకుని వదిలి కోడలి వైపు తిరిగింది. "వాణ్ణి అని ఏం లాబం? పోసిచ్చిన చెయ్యి బి.ఏ. చదివిన చెయ్యి గదా. అడుగున రాసిండే పేరు ఆ కండ్లకి అగపడలేదేమో."

పెద్దకోడలు సుధాలక్ష్మి చేతిలో గరిటె ఆగింది. "చేతికి ఏది దొరికితే దాంట్లో పోసినా అత్తా. చింతపండు పెట్టి తోమిస్తా, చాలా?"

"తోము, తోము. తోమితే పేరు కూడా అరిగిపోతాది. అదే గదా మీకు కావాల్సింది."

పేపరు చాటునుంచి పెద్దకొడుకు ప్రభాకరన్ నవ్వాడు. "ఒక లోటాకి ఇంత సండనా?" అన్నాడు. ఆ మాటతో అత్తాకోడళ్లిద్దరూ ఒకటై అతనిమీద పడ్డారు. అతను పేపరు మడిచి స్నానానికి పోయాడు.

సుధాలక్ష్మికి కోపం వచ్చింది లోటా గురించి కాదు. ఆ ఇంట్లో ఏ మూత ఏ గిన్నెదో, ఏ డబ్బాలో ఏ పప్పుందో ఆమెకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. మెంతులకూ ఆవాలకూ చీటీలు అంటించింది ఆమే. చాకలికి వేసిన బట్టల లెక్క తప్పితే కనిపెట్టేది ఆమే. అట్లాంటి మనిషిని రాసింది చూసుకోలేదని అంటే ఆ మాట ములుకులా గుచ్చుకుని ఉండిపోయింది. గుచ్చుకున్న ములుకుతోనే ఫోను తీసుకుని వెనక వరండాలోకి పోయింది. అక్కడ రేకుల కింద మరిది కొత్తగా కట్టుకున్న కొలిమి ఉంది. అతను ఈ రోజు పాఠం కోసం ఎదురుచూస్తున్నాడు.

ముత్తురామన్ మొన్నటిదాకా వాళ్లుండే కోవిల్‌పట్టిలోనే ఒక అగ్గిపెట్టెల కంపెనీలో మిషన్ నడిపేవాడు. ఆ కంపెనీ మూతపడింది. ముప్పై అయిదు దాటింది, సంబంధాలు వచ్చినట్టే వచ్చి తప్పిపోతున్నాయి. నాగలాపురం పక్కన వాళ్లకున్న నల్లరేగడి చేలో సీమతుమ్మ అడవిలా పెరిగితే, కొట్టించడానికి పోయినప్పుడు అతనికి ఈ ఆలోచన వచ్చింది. సంతలో కొన్న వేటకత్తులు తుమ్మ మొద్దు తగలగానే వంగిపోతున్నాయి. నాగలాపురంలో కొలిమి ఆరిపోయి చాలా కాలమైంది. ఆ కమ్మరి కొడుకులు కోవిల్‌పట్టిలో గేట్లకు వెల్డింగు చేస్తున్నారు. నేర్పమని పోయి అడిగితే వాళ్లు పగలబడి నవ్వారు. "మా అయ్య దగ్గర మేమే నేర్చుకోలేదు, నీకేం నేర్పేది సామీ" అన్నారు.

అప్పుడు ఫోనులో వెతికాడు. తమిళంలో వీడియోలకు కొదవ లేదు. నిప్పురవ్వలు, పెద్ద సంగీతం, ముందు తుప్పు పట్టిన ముక్క, చివర మెరిసే కత్తి. నడుమ ఏం చేశారో ఎవరూ చెప్పరు. విసిగిపోయి వదినె దగ్గరికి వచ్చాడు.

"వదినె, నీకు ఇంగ్లీసు వస్తాది గదా. మొదుటినుంచి, ఏమీ తెలీనోడికి నేర్పేది ఏమన్నా ఉండాదా సూడు."

ఆ అడగడం సుధాలక్ష్మికి నచ్చింది. పెళ్లయినప్పటినుంచి ఆమె చదువుని ఆ ఇంట్లో ఎగతాళికి వాడుకున్నారేగాని పనికి వాడుకున్నవాళ్లు లేరు. బియ్యంలో రాళ్లు ఏరినట్టు వెతికింది. గొప్పలు చూపించుకునేవాళ్లను పక్కన పెట్టింది. అది కొను ఇది కొను అనేవాళ్లను పక్కన పెట్టింది. లైబ్రరీకి పోతే ఐటీఐ పిల్లల పాఠ్యపుస్తకం ఒకటి ఇచ్చారు. దాంట్లో బొమ్మలున్నాయిగాని నిప్పు లేదు. చివరికి రెండు దొరికాయి. ఒకటి, ఒక ముసలి దొర ఓపిగ్గా మాట్లాడే వీడియోలు. మొదటి పాఠం కొక్కెం, రెండో పాఠం మేకు, అవి నూరు చేసినాకే మూడో పాఠం అంటాడాయన. రెండోది, పల్లెల్లో సొంత పనిముట్లు చేసుకునే రైతుల కోసం ఎప్పుడో రాసిన ఇంగ్లీషు పుస్తకం. అది ఉచితంగా దొరికింది.

రోజూ కొంత చదివి, దాన్ని ఇంటి మాటలోకి మార్చి, వాయిస్ మెసేజుగా పంపేది. తమిళనాట పుట్టి పెరిగిన వాళ్ల తెలుగు నోటి తెలుగు. బడిలో ఇద్దరూ నేర్చింది తమిళ అక్షరాలే. పెద్దలనాటి ఈ భాషని కాగితం మీద పెట్టే అలవాటు ఆ ఊళ్లలో లేదు. అందుకని ఒక్కొక్క మాట కోసం ఆమె తన చిన్నతనమంతా తవ్వింది. కొలిమి, తిత్తి, పటకారు, సమ్మెట. విరుదునగర్‌లో వాళ్ల అవ్వ నోట విన్న మాటలన్నీ ఒక్కొక్కటే పైకి వచ్చాయి. ముత్తురామన్ పాత లారీ బ్రేకు డ్రమ్ముతో కొలిమి కట్టాడు. రైలు పట్టా ముక్క మీద కొట్టడం నేర్చుకున్నాడు. కొక్కేలు చేశాడు, మేకులు చేశాడు. ఇంటిలో ప్రతి గోడకీ ఒక కొక్కెం వేలాడింది. "ఇంక మమ్మల్ని తగిలించేదొకటే బాకీ" అని తల్లి అన్నది.

లోటా గొడవ జరిగిన పొద్దు వచ్చింది కత్తి పాఠం. ఇనుమును గట్టిపరచడం, తర్వాత దాని పెళుసుతనం తగ్గించడం. పుస్తకంలో గట్టిపరచడానికి ఒక పేజీ ఉంటే, తర్వాతి పనికి రెండున్నర పేజీలున్నాయి. నూనెలో ముంచి గట్టిపడిన కత్తిని తళతళలాడేటట్టు రుద్ది, మళ్లీ సన్నని సెగ మీద పెట్టాలి. ఇనుము మీద రంగులు పాకుతాయి. ఎండు గడ్డి రంగు, తేనె రంగు, వంకాయ రంగు. ఏ పనిముట్టుకి ఏ రంగు దగ్గర ఆపాలో పట్టిక కూడా ఇచ్చాడు.

అదంతా చదివింది. చదువుతూండగానే లోపలినుంచి అత్త గొంతు వినబడుతోంది. పక్కింటి ఆమెతో గోడమీదుగా లోటా పురాణం చెబుతోంది. సుధాలక్ష్మి ఫోను నోటి దగ్గర పెట్టుకుని గబగబా చెప్పేసింది.

"ఎర్రగా కాల్చి నూనెలో ముంచినాక ఇనుము గట్టిబడతాది. అట్లే ఇడిస్తే పెళుసు. దాన్ని పదును చెయ్యాల. పదును చెయ్యకుండా పనికి ఇయ్యనే కూడదు. ఇంక మిగిలిండేది రంగుల సంగతి. అది పిమ్మట చెప్తా."

పంపేసి, లోపలికి పోయి, అత్తకు చెప్పాల్సిన జవాబు చెప్పింది. రంగుల సంగతి ఆ పొద్దూ చెప్పలేదు, మర్నాడూ చెప్పలేదు.

ముత్తురామన్ విరుదునగర్‌లో తంగపాండి పాత ఇనుప కొట్టునుంచి తెచ్చిన, లారీ కింద బరువు మోసే కమాన్ పట్టీతో వేటకత్తి చేశాడు. ముక్కు వంపు చక్కగా వచ్చింది. వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి, "పదును బాగా పట్టింది వదినె" అన్నాడు. ఆమె గంజి వారుస్తోంది. వెనక్కి తిరగకుండానే "మంచిది" అంది.

ఆ కత్తిని చేలో తుమ్మ కొట్టే మూక్కమ్మాళ్ చేతికిచ్చారు. ఆమె ఎన్నో ఏళ్లుగా వాళ్ల చేనిలో పని చేస్తున్న మనిషి. లేత కొమ్మలు కొట్టింది, బాగుందన్నది. మొద్దు మీద వేటు పడగానే కత్తి అంచు గాజుపెంకులా పెటిలి ఒక ముక్క ఎగిరి వచ్చింది. కనుబొమ్మ చీలింది. వెంట్రుకవాసిలో కన్ను తప్పింది. ఆసుపత్రిలో కుట్లు వేసి, కన్నుకు ఏమీ కాలేదని డాక్టరు చెప్పేదాకా ఇంట్లో ఎవరూ ముద్ద ముట్టలేదు.

మధ్యాహ్నం ముత్తురామన్ కూలబడినట్టు కూర్చున్నాడు. "నేను అంతా సరిగానే చేస్తినే. వదినె చెప్పినట్టే చేస్తినే. వినుండన్నా" అని ఫోను తీసి అన్నకు ఆ వాయిస్ మెసేజు వినిపించాడు. సుధాలక్ష్మి గొంతు హాలంతా పలికింది. దాన్ని పదును చెయ్యాల. పదును చెయ్యకుండా పనికి ఇయ్యనే కూడదు.

"చేసినావా?" అన్నాడు ప్రభాకరన్.

"చెయ్యకుండానా? తడి గోనెలో సుట్టి, తెల్లారిందాకా నీళ్లు సల్లుతా ఉంటిని. వాన పడిన చేనుమాదిరి పదును పట్టింది."

"అయితే సరిగానే చేసినావు. నీ తప్పు లేదు."

"పదునంటే అంతే గదా" అని జానకియమ్మాళ్ కూడా తలూపింది.

నీళ్ల చెంబుతో వచ్చిన సుధాలక్ష్మి గుమ్మంలోనే ఆగిపోయింది.

పదును. ఆమె పుట్టిల్లు విరుదునగర్‌లో మగ్గాలు నడిపే ఇల్లు. ఆ ఇంటికి చేను లేదు, వానతో పని లేదు. అక్కడ పదును అంటే ఇనుముకు ఉండేది. కత్తిపీట మొద్దుబారితే పదును పోయిందనేవాళ్లు. పనిముట్టు బాగా కాలి, వంగకుండా విరగకుండా నిలిస్తే మంచి పదును మీదుంది అనేవాళ్లు. మెట్టినిల్లు నల్లరేగడి ఇల్లు. ఇక్కడ పదును అంటే తడే. వాన వెలిసినాక నాగలి దిగేటంత తేమ మట్టిలో ఉంటే పదును. కత్తికి పట్టేది సాన. కొత్తకోడలిగా వచ్చిన రోజుల్లో ఆమె "అత్తా, కత్తిపీటకి పదును లేదు" అంటే, జానకియమ్మాళ్ ఊరు ఊరంతా వినేటట్టు నవ్వింది. "ఏమే, కత్తి పైన వాన కురవలేదా?" అని ఎన్నాళ్లో ఏడిపించింది. ఈ ఇంట్లో ఆ మాటకు అర్థం ఏమిటో అందరికన్నా ఆమెకే బాగా తెలుసు. నవ్వులపాలై నేర్చుకున్న మాట.

పెళుసు తగ్గించడానికి సన్నని సెగ కావాలి. అతను నీళ్లు చల్లాడు. అంటే ఆ కత్తి పెళుసుగానే మూక్కమ్మాళ్ చేతికి పోయింది.

చెబుదామని నోరు తెరిచింది. "నీళ్లు తాగు ముత్తు" అన్న మాట బయటికి వచ్చింది.

"ఇంకేముంది, ఇనుములోనే ఉండాది మోసం" అని ప్రభాకరన్ లేచాడు. "ఆ తంగపాండి పుచ్చిపోయిన పట్టీ అంటగట్టినాడు."

ఆ సాయంత్రం సుధాలక్ష్మి తన ఫోనులో ఆ మెసేజు తీసింది. అందరి దగ్గరా చెరిపేసే గడువు దాటిపోయింది. నీ దగ్గర మాత్రం చెరపాలా అని అడిగింది ఫోను. అదే నొక్కింది. నొక్కినాక సిగ్గేసింది. ఎవరు వినకూడదని చెరిపినట్టు? ఆ మాటలు ఆమెకు కంఠతా వచ్చు.

ఆ వారంలోనే భార్యాభర్తలూ ముత్తురామనూ విరుదునగర్ పోయారు. సుధాలక్ష్మి అన్నగారింట్లో గృహప్రవేశం. దారిలో పాత ఇనుప కొట్టు ముందు ప్రభాకరన్ ఆటో ఆపించాడు. తంగపాండి తుప్పు గుట్టల నడుమ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఎవరో తెచ్చిన ఫ్యాను మోటారుకి ధర తగ్గిస్తున్నాడు. నోరు పెద్దది, తూకం తక్కువని ఊళ్లో పేరున్న మనిషి. మాటలన్నీ తమిళంలోనే జరిగాయి.

ప్రభాకరన్ విరిగిన కత్తి ముక్కల్ని అతని ముందు పడేశాడు. "ఒక ఆడమనిషి కన్ను పోయుండేది. ఇట్లాంటి ఇనుము అమ్ముతావా?"

తంగపాండి ముక్కని అటూ ఇటూ తిప్పి చూశాడు. "అన్నా, నేను బరువుకి అమ్మేవాణ్ణి. కాల్చింది మీరు. ఉప్పుమా మాడితే రవ్వ అమ్మినవాణ్ణి కొడతారా?"

పక్కనున్నవాళ్లు నవ్వారు. ప్రభాకరన్ ముఖం ఎర్రబడింది. "మేమేం గాలిపాటుగా చెయ్యలేదు. పుస్తకం చూసి, అక్షరం తప్పకుండా చేశాం. మా ఇంటావిడ ఈ ఊళ్లోనే ఇంగ్లీషు బి.ఏ. చదివింది. ఆమే చదివి చెప్పింది. కావాలంటే అడుగు."

అందరూ ఆటో వైపు చూశారు. పట్టుచీర కట్టుకుని, ఒళ్లో పళ్ల సంచితో కూర్చున్న సుధాలక్ష్మికి ఎటు చూడాలో తెలియలేదు.

"ఏమ్మా" అన్నాడు తంగపాండి. ఎగతాళి లేదు ఆ గొంతులో. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగాడు. "పుస్తకంలో ఉన్నది ఉన్నట్టే చెప్పారామ్మా?"

భర్త చూస్తున్నాడు. మరిది చూస్తున్నాడు. సుధాలక్ష్మి తలూపింది.

"ఆ, ఉన్నట్టే" అంది.

తంగపాండి కుర్చీలోంచి వంగాడు. ముక్కల్ని ఏరి కాగితంలో చుట్టి తిరిగి ఇచ్చేశాడు. "అమ్మ చెప్పినాక నేనేం చెప్పేది. మా అయ్య కాలంనుంచి ఈ గుట్టలోంచే కమాన్ పట్టీలు పోతున్నాయి. ఇట్లా ఎవరూ రాలేదు" అని మాత్రం గొణిగాడు.

గృహప్రవేశం భోజనాలయ్యాక, రాత్రికి ఇంటికి తీసుకుపోదామని ప్రభాకరన్ నూనెలో వేయించిన పరోటాలు పొట్లాలు కట్టించాడు. పుట్టింటి ఊరు పరోటా అంటే సుధాలక్ష్మికి ప్రాణం. బస్సులో ఒడిలో వేడిగా ఉన్న ఆ పొట్లాన్ని తీసి భర్త ఒళ్లో పెట్టేసింది. సాత్తూరు దాటేదాకా కిటికీ చువ్వకు నుదురు ఆనించి కూర్చుంది. "ఎండదెబ్బ" అన్నాడు ప్రభాకరన్, చల్లటి సోడా కొనిచ్చాడు. అతని మంచితనం ఆ పూట ఆమెకు మోయరానిదయింది.

ఇంటికి చేరీ చేరకముందే అతను రైతుల వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు. నాగలాపురంనుంచి కారియాపట్టిదాకా ఉన్న నల్లరేగడి రైతులంతా అందులో ఉన్నారు. విరిగిన కత్తి ఫొటో, మూక్కమ్మాళ్ కట్టు ఫొటో, కింద తంగపాండి కొట్టు పేరు. "ఇక్కడ ఇనుము కొనకండి. పుస్తకం ప్రకారం చేసినా విరిగింది." ఆ మాట కింద చేతులు జోడించినవాళ్లు, కోపం బొమ్మలు పెట్టినవాళ్లు వరసకట్టారు.

పళ్లూ హార్లిక్సూ తీసుకుని సుధాలక్ష్మి మూక్కమ్మాళ్‌ని చూడబోయింది. ఆమె కట్టు కింద వాచిన కన్ను సగం తెరిచి, "వాడి చెయ్యి పడిపోనూ అమ్మా, ఆ ఇనుప కొట్టువాడిది. కొంచెముంటే నా కన్ను తినేవాడు" అని తమిళంలో శపించింది. మంచం అంచున కూర్చుని సుధాలక్ష్మి ఆ శాపం మొత్తం విన్నది. ఆ కట్టు మీద చెయ్యి వెయ్యబోయి, వెనక్కి తీసుకుంది.

ముత్తురామన్ మాత్రం పట్టు వదల్లేదు. కోవిల్‌పట్టిలోనే ఇంకొక కొట్టునుంచి కొత్త కమాన్ పట్టీ తెచ్చాడు. "ఇనుము మార్చేసినా వదినె. ఈ తూరి నువ్వు చెప్పినట్టే, తడి గోనె ఇంకా ఎక్కువ పొద్దు పెడతా" అన్నాడు ఉత్సాహంగా.

ఇంకొక కత్తి, ఇంకొక కన్ను. సుధాలక్ష్మి వెంటనే కొలిమి దగ్గరికి పోయింది.

"ముత్తు, గోనె వద్దు. పుస్తకంలో ఇంకొక పాఠం ఉండాది. ముంచినాక బాగా రుద్ది, సన్న సెగ పైన మళ్లీ పెట్టాల. గడ్డి రంగు వస్తాది. అది దాటి తేనె రంగుకి తిరిగేటప్పుడు తీసెయ్యాల."

"ఇది మొదులు చెప్పలేదే?"

"రంగుల సంగతి పిమ్మట చెప్తానంటిని గదా."

"ఆమా, అంటివి" అని అతను నమ్మాడు. అంత సులభంగా నమ్మాడు.

పక్కన నిలబడి ఆమే చూపించింది. బూడిద రంగు ఇనుము మీద ఎండుగడ్డి రంగు పొగలా పాకింది, తేనెలోకి తిరిగింది. "ఇప్పుడు!" అంది. అతను తీశాడు. ఆ కత్తి తుమ్మ మొద్దు మీద వేటు వేస్తే మొద్దు చీలిందిగాని అంచు చెక్కు చెదరలేదు. ముత్తురామన్ చిన్నపిల్లాడిలా గంతేశాడు. సుధాలక్ష్మి నవ్వింది. ఇంక ఫరవాలేదు, ఎవరికీ దెబ్బ తగలదు, ఎవరికీ తెలియనక్కర్లేదు అనుకుంది. ఆ నిశ్చింత వంటింట్లోకి వచ్చేదాకా కూడా ఉండలేదు. వేరే కొట్టు ఇనుము నిలిచిందంటే, తంగపాండి ఇనుము చెడ్డదని రుజువైపోయినట్టే. ఇన్నాళ్లూ అది ప్రభాకరన్ అనుమానం. ఈ రోజు దాన్ని ఆమె తన చేతులతో నిజం చేసి పెట్టింది.

మర్నాడు సుధాలక్ష్మి అన్న విరుదునగర్‌నుంచి ఫోను చేశాడు. ఇల్లు, పిల్లలు, వానలు అన్నీ అయ్యాక, "మీ ఆయన ఆ కొట్టువాడి పేరు ఊరందరి నోటికీ ఎక్కించాడే" అని నవ్వాడు. కారియాపట్టినుంచి నాగలి కర్రులకని వచ్చే రైతులు ఇప్పుడు ఎదురు కొట్టుకి పోతున్నారట. తంగపాండి వాళ్లను పిలిచి, "నా ఇనుము కాదయ్యా" అని వివరించబోతే, బి.ఏ. చదివినామె కళ్లారా చూసి చెప్పిందంటగా అని వాళ్లే అతని నోరు మూయిస్తున్నారట. "నీకు ఇంత పేరుందని నాకే తెలీదు సుధా" అన్నాడు అన్న.

ఫోను పెట్టేసి ఆమె డబ్బాల చీటీల వంక చూస్తూ నిలబడింది. మెంతులు, ఆవాలు, జీలకర్ర. అన్నీ తన చేతి రాతలే. ఒక్కటీ తప్పు లేదు.

ఆదివారం మధ్యాహ్నం తల్లీకొడుకులు ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు, సుధాలక్ష్మి వడ్డిస్తోంది. అరటాకులు వేసి, వంకాయ పులుసు, కందిపప్పు, అప్పడాలు. కత్తి కుదిరిన సంతోషానికి జానకియమ్మాళ్ పాయసం చేయించింది. ముత్తురామన్ కొత్త కత్తిని తుడిచి గోడకు ఆనించాడు. ప్రభాకరన్ అన్నంలో చెయ్యి పెట్టకముందే దాన్ని ఫొటో తీశాడు.

"చూడండి, ఇనుము మారితే పని ఎట్లా మారిందో. ఇది గ్రూపులో ఏస్తా. ఇంక ఆ తంగపాండి కొట్టు మూసుకోవాల్సిందే" అని ఎడమచేత్తో ఫోను నొక్కబోయాడు.

"అది పంపొద్దు" అంది సుధాలక్ష్మి.

వడ్డిస్తున్న గరిటెను గిన్నెలో పెట్టేసింది. ఎప్పుడూ అందరూ తిన్నాకే కూర్చునే మనిషి, వచ్చి ఆకు వేసుకుని కూర్చుంది. అది చూసే అందరూ ఆగారు.

"తప్పు ఇనుముది కాదు, నాది. నేను పదును చెయ్యమంటిని. మా ఇంట్లో పదునంటే కాల్చి చేసేది. మీ ఇంట్లో తడి. తడి గోనె అని ముత్తు చెప్పిన పొద్దే నాకు తెలిసిపోయింది. చెప్పకుండా ఉండిపోతిని. ఈ కత్తి నిలిచింది ఇనుము మారినందుకు కాదు. నేను మొన్న సరిగా చెప్పినందుకు."

ప్రభాకరన్ ఫోను ఆకు పక్కన పెట్టేశాడు.

"పదునంటే తడే గదే" అంది జానకియమ్మాళ్, ఇంకా అర్థం కాక.

"మా అవ్వకి కాదత్తా. కొత్తల్లో మీరే గదా నవ్వినారు."

ఆమెకు గుర్తొచ్చింది. గోడకానించిన కత్తి వైపు చూసింది.

ప్రభాకరన్ గొంతు తగ్గించాడు. "కొట్టుకాడ అంతమంది ముందర వాడు అడిగితే, పుస్తకంలో ఉన్నట్టే అని తలూపితివే."

"ఊపినా. అది అబద్దం."

ముత్తురామన్ ఆకులోంచి తల ఎత్తలేదు. "కొలిమికాడ నాకొక్కడికన్నా చెప్పుండొచ్చు వదినె" అన్నాడు. "ఇనుము మార్చినా, ఇనుము మార్చినా అని ఊరంతా చెప్పుకుంటిని."

భర్త నిలదీసినప్పుడు తడవని ఆమె కళ్లు ఆ మాటకు నిండాయి. ఎడమచేతి వెనకతో తుడుచుకుంది.

"సరి, అయిందేదో అయింది" అన్నాడు ప్రభాకరన్. "ఈ ఫొటో ఆపేస్తా. పాతది కూడా మెల్లగా అందరూ మరిచిపోతారు. ఇంటి మాట ఇంట్లో ఉండనీ."

"ఉండకూడదు. తిన్నాక నేను విరుదునగర్ బస్సెక్కుతా. ఆ కొట్టుకాడ, అంతమంది ముందరే, నా తప్పని చెప్తా. వచ్చేటప్పుడు మూక్కమ్మ ఇంటికి పోయి ఆమెకూ చెప్తా. ఆమె ఇంక తిట్టేదుంటే నన్ను తిట్టనీ. పోయేముందర గ్రూపులో మాట్లాడతా. తమిళంలో, నా గొంతుతో."

"దాంట్లో ఆడోళ్లు ఎవురూ మాట్లాడరు సుధా."

"అయితే అందరూ వింటారు. ఫోను ఇవ్వండి."

ప్రభాకరన్ తల్లి వైపు చూశాడు. జానకియమ్మాళ్ కోడలి ఆకులో అన్నం పెట్టి, దాని మీద పప్పు పోసింది.

"ముందు తినే" అంది. "బస్సులో కడుపు తిప్పుతాది."

"తిని పోతా అత్తా" అని సుధాలక్ష్మి ఎడమచెయ్యి భర్త వైపు చాపింది. "రేపు కాదు, ఈ పొద్దే పోతా."